ఏడుగురిని మోసే డీజిల్ బండి: బ్రోచర్ ఎట్లా చదవాలి, టెస్ట్ డ్రైవ్ ఎక్కడ చేయాలి

నలభై లక్షల నుంచి కోటి దాకా పెట్టి పెద్ద డీజిల్ ఎస్‌యూవీ కొనాలని చూసేవాళ్లు నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఇప్పుడు బాగానే ఉన్నారు. రైస్ మిల్లులు నడిపేవాళ్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రోడ్డు పక్క భూమి అమ్ముకున్నవాళ్లు, అమెరికాలో పిల్లలున్నవాళ్లు. షోరూమ్ మాత్రం పట్నంలోనే ఉంటుంది. అక్కడ సేల్స్ అబ్బాయి చేతిలో పెట్టే బ్రోచర్ నిండా అంకెలు, ఆ తర్వాత టెస్ట్ డ్రైవ్ పేరుతో గచ్చిబౌలి చుట్టూ నున్నటి రోడ్డు మీద ఓ పావుగంట తిప్పుడు. ఆ పావుగంటలో స్టీరింగ్ పట్టినవాడికి ఏ బండైనా నచ్చుతుంది. కానీ నడిపేది ఒక్కరు, మిగతా ఆరుగురు కూర్చునేవాళ్లు. ఫ్యామిలీ బండి అని కొంటున్నప్పుడు టెస్ట్ డ్రైవ్ వెనక సీట్లో చేయాలి, బ్రోచర్ కూడా వెనక సీటును మనసులో పెట్టుకునే చదవాలి. ఇదంతా ఆ లెక్కలో రాస్తున్నా.

ముందు డీజిలే కావాలా అన్నది తేల్చుకోండి

రోజూ పాలమూరులో మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా, లేదా నల్గొండలో ప్రకాశం బజార్ నుంచి గడియారం సెంటర్ దాకా తిరగడమే బండికి పని అయితే డీజిల్ జోలికి పోకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనల వల్ల కొత్త డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది, నిండాక బండే సొంతంగా కాస్త ఎక్కువ డీజిల్ చల్లి ఫిల్టర్ వేడిని ఆరువందల డిగ్రీల దగ్గరికి తీసుకుపోయి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది సజావుగా జరగాలంటే బండి ఆగకుండా ఓ పదిహేను ఇరవై నిమిషాలు అరవై డెబ్భై స్పీడులో పోవాలి. సగంలో కూరగాయల కోసం బండి ఆపేశారనుకోండి, ఆ పని మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇట్లా చాలాసార్లు జరిగితే కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ లెవెల్ పెరుగుతుంది, పల్చబడుతుంది. ఆయిల్ తగ్గితే ఎవరైనా కంగారు పడతారు గానీ డీజిల్ బండిలో ఆయిల్ పెరిగినా కంగారు పడాల్సిందే.

నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల అటూ ఇటూ. వారానికోసారి పోయొచ్చేవాళ్లకు డీపీఎఫ్ ఉన్నట్టే తెలియదు, ఆ హైవే మీదే అదంతట అదే శుభ్రం చేసుకుంటుంది. డీజిల్ వీళ్లకోసమే.

రెండోది యాడ్‌బ్లూ. డీజిల్ మూత పక్కన నీలం మూత కనబడితే అది దాని ట్యాంకు. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో యూరియా బస్తా ఎప్పుడూ ఉంటుంది. పొలంలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోయొద్దు. దాంట్లో ఉండే మలినాలతో ఇంజెక్టర్, క్యాటలిస్ట్ రెండూ పోతాయి, ఆ బిల్లు చూస్తే ఆ ఏడు పత్తి డబ్బు మొత్తం దానికే పోయిందనుకోవాలి. బీఎస్6 లారీలకు కూడా ఇదే కావాలి కాబట్టి హైవే బంకుల్లో క్యాన్లు దొరుకుతాయి. ఎండలో పెట్టిన క్యాన్ కొనకండి, వేడికి అది త్వరగా పాడవుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కూడా ఆగొద్దు, చాలా బండ్లలో అది అయిపోయాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. స్క్రీన్ మీద ఇంకెన్ని కిలోమీటర్లకు సరిపోతుందో ముందే చూపిస్తుంది, ఆ హెచ్చరికను పట్టించుకుంటే చాలు.

డీజిల్ కూడా బంకులోనే పోయించండి. ట్రాక్టర్ కోసం డ్రమ్ములో పెట్టింది, తక్కువకు వస్తుందని రోడ్డు పక్క అమ్మేది ఈ ఇంజిన్లకు పనికిరాదు.

ఇంతకూ ఏమున్నాయి? ఆడి బీఎస్6తోనే ఇక్కడ డీజిల్ ఆపేసింది, వోల్వో కూడా ఆ దారే పట్టింది. గట్టిగా మిగిలింది బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ల్యాండ్ రోవర్, టొయోటా. కాస్త కింద జీప్ మెరిడియన్, ఎంజీ గ్లోస్టర్ లాంటివి. తెల్ల ఫార్చ్యూనర్ కనబడితే ఎవరో లీడర్ వస్తున్నాడని జనం పక్కకు జరగడం మన దగ్గర ఇంకా ఉంది, రీసేల్ ధర నిలబడటానికి ఆ భయభక్తులు కూడా ఒక కారణమని నా అనుమానం.

పవర్ అంకెను పక్కన పెట్టి టార్క్ గడిలో చూడండి

బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది పవర్. మీరు చూడాల్సింది టార్క్, దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం, పవర్ అంటే ఆ బలంతో ఎంత త్వరగా తిప్పుతోందో. రెండింటికీ సులువైన లెక్క ఉంది: టార్క్‌ను కొలిచే న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి సుమారు 7,000తో భాగిస్తే పవర్‌ను కొలిచే పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) వస్తుంది.

ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ ఆటోమేటిక్ తీసుకోండి. 2,755 సీసీ, 204 పీఎస్, 500 న్యూటన్ మీటర్లు, అది 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం దాకా. లెక్క వేస్తే 1,600 దగ్గరే 114 పీఎస్ చేతికొస్తుంది, 2,800 దగ్గర 200. అంటే ఇంజిన్ అరవకుండానే, లోపల మాటలు వినబడుతుండగానే లాగుతుంది. ఇప్పుడు అదే ఇంజిన్ మాన్యువల్ గేరుతో చూడండి. పవర్ అదే 204. టార్క్ మాత్రం 420, 1,400 నుంచి 3,400 దాకా. పెద్ద అంకె ఒకటే అయినా 2,000 దగ్గర ఆటోమేటిక్ ఎక్కువ లాగుతుంది, మాన్యువల్‌లో లోడు మీద ఒక గేరు దించాల్సి వస్తుంది. పవర్ ఒక్కటే చూసి పోల్చేవాళ్లకు ఈ తేడా కనబడనే కనబడదు.

పైకి పోతే బీఎండబ్ల్యూ ఎక్స్5 30డీలో 2,993 సీసీ ఆరు సిలిండర్లు, 286 పీఎస్, 650 న్యూటన్ మీటర్లు, అది 1,500 నుంచే. మెర్సిడెస్ జీఎల్ఈలో రెండు రకాలున్నాయి: 300డీ అంటే 1,993 సీసీ నాలుగు సిలిండర్లు, 269 హార్స్‌పవర్, 550. 450డీ అంటే 2,989 సీసీ ఆరు సిలిండర్లు, 367, 750. ల్యాండ్ క్రూజర్ 300లో 3,346 సీసీ వీ6, 309 పీఎస్, 700. మోడల్ మారినప్పుడల్లా ఈ అంకెలు కొద్దిగా జరుగుతుంటాయి కాబట్టి మీరు బుక్ చేసే రోజు చేతిలో ఉన్న కాగితాన్నే నమ్మండి.

నాలుగు సిలిండర్లకూ ఆరింటికీ స్పీడులో తేడా అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది వణుకు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్ల కదలిక వల్ల పుట్టే ఒక రకం వణుకు పూర్తిగా రద్దు కాదు, బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టి తగ్గిస్తారు. వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్‌లో ఆ బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడు గంటల ప్రయాణంలో అమ్మానాన్నలు దిగినప్పుడు ఒళ్లు నొప్పులు అన్నారా లేదా అన్నదాంట్లో దీని పాలు కొంత ఉంటుంది. అయితే దానికోసం లక్షలకు లక్షలు ఎక్కువ పెట్టాలా అంటే, నెలకోసారి తిరుపతో బెంగళూరో పోయేవాళ్లకు పెట్టొచ్చు, మిగతావాళ్లకు అక్కర్లేదు.

తర్వాత బరువు. ఈ బండ్లు ఖాళీగానే రెండు టన్నుల దగ్గర, చాలావాటికి ఆ పైమాటే. గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ట బరువు) లోంచి కెర్బ్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేయండి, మిగిలిందే మనుషులకూ సామానుకూ. 550 కిలోలు మిగిలిందనుకుందాం. మనిషికి 65 చొప్పున ఏడుగురు 455. ఇక మిర్యాలగూడ నుంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేసుకున్నారంటే లిమిట్ దాటిపోయింది. యూరప్ కంపెనీలు కొన్ని డ్రైవర్ కోసం 75 కిలోలు కెర్బ్ వెయిట్‌లోనే కలిపేస్తాయి, కొన్ని కలపవు, కాబట్టి రెండు కంపెనీల బరువులు పోల్చేటప్పుడు ఆ సంగతి అడగండి. మూడో వరస ఉన్నంత మాత్రాన ఏడుగురూ సామానూ కలిసి పడతాయని కాదు. మూడో వరస లేపి ఉంచితే డిక్కీలో రెండు బ్యాగులకు మించి పట్టని బండ్లు ఎక్కువ. ఇంకో సంగతి, ఇక్కడ అమ్మే ఎక్స్5, జీఎల్ఈ రెండూ అయిదుగురివే. ఏడుగురు కావాలంటే ఎక్స్7, జీఎల్ఎస్ దగ్గరికి పోవాలి, ధర అక్కడ కోటి దాటుతుంది.

చాసిస్ మీద బండా, ఒకటే డబ్బా బండా

ఫార్చ్యూనర్, ల్యాండ్ క్రూజర్, గ్లోస్టర్ లాంటివి లారీకి ఉన్నట్టు కింద నిచ్చెన లాంటి చాసిస్, దాని మీద బాడీ. ఎక్స్5, జీఎల్ఈ, మెరిడియన్ మోనోకాక్, అంటే బాడీయే చాసిస్. మొదటి రకం దెబ్బలకు తట్టుకుంటుంది, పొలం గట్లెక్కినా బాధ లేదు. కానీ వీటిలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కుదుపు కుడి చక్రానికీ వస్తుంది, మూడో వరస సీటు సరిగ్గా ఆ ఇరుసు మీదే ఉంటుంది. పిల్లలను అక్కడ కూర్చోబెట్టి మల్లేపల్లి నుంచి దేవరకొండ దాటేలోపు వాంతి కవర్ వెతుక్కునే ఇళ్లు నాకు తెలుసు. మోనోకాక్‌లో ఏ చక్రం గోల దానిదే, మలుపుల్లో ఊగుడు కూడా తక్కువ.

స్ప్రింగుల బదులు గాలి తిత్తులుండే ఎయిర్ సస్పెన్షన్ ఉంటే లోడు వేసినా వెనక దిగబడదు, స్విచ్ నొక్కితే బండి లేస్తుంది. కంఫర్ట్‌లో దాన్ని మించింది లేదు. కానీ ఆ గాలి తిత్తులు రబ్బరువి, మన ఎండకూ దుమ్ముకూ ఏళ్లు గడిస్తే కారడం మొదలుపెడతాయి. వారంటీ ఉన్నన్నాళ్లు రాజా, తర్వాత అది మీ జేబు సంగతి.

అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది టైరు సైజు. దాన్ని చదవడం నేర్చుకుంటే సగం బండి అర్థమైనట్టే. 265/60 ఆర్18 అంటే టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు దాంట్లో 60 శాతం, అంటే 159. రిమ్ము 18 అంగుళాలు. అదే 275/40 ఆర్21 అయితే పక్కగోడ 110 మాత్రమే. 49 మిల్లీమీటర్లు, దాదాపు రెండు అంగుళాల గాలి మెత్త తగ్గిపోయింది. 21 అంగుళాల అల్లాయ్ ఫొటోలో అందంగానే ఉంటుంది, కల్వకుర్తి దాటాక గుంతలో పడితే టైరు పక్కన గుడ్డంత బుడగ వస్తుంది, రిమ్ము సొట్ట పోతుంది. ఆ సైజు టైరు నల్గొండలో అప్పటికప్పుడు దొరకదు. ఒకే మోడల్‌లో చిన్న రిమ్ము ఇచ్చే వేరియంట్ ఉంటే మన రోడ్లకు అదే తీసుకోండి, సేల్స్‌వాళ్లు ఎంత మొహం చిట్లించినా.

స్టెప్నీ సంగతి కూడా అడగండి. పూర్తి సైజుదా, సన్నటిదా, అసలు లేదా. రన్‌ఫ్లాట్ టైర్లు పంక్చరైనా కొంత దూరం తక్కువ స్పీడులో పోతాయి గానీ పక్కగోడ గట్టిగా ఉండటం వల్ల కుదుపు ఎక్కువ. రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు మూసేసే శ్రీశైలం అడవి దారిలో స్టెప్నీ లేకుండా ఇరుక్కుంటే ఏం చేస్తారో ఇంట్లో కూర్చున్నప్పుడే ఆలోచించుకోండి.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా? బత్తాయి తోటకో గద్వాల వైపు నల్లరేగడి పొలానికో వానాకాలం పోయేవాళ్లకు కావాలి. అప్పుడు కూడా టైరు హైవేదైతే రేగడి దాని గాడుల్లో నిండి నున్నగా అయిపోతుంది, నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బండి కదలదు. ఫార్చ్యూనర్ లాంటి పార్ట్‌టైమ్ రకంలో (కావాల్సినప్పుడు మనమే ఫోర్ వీల్ వేసుకునేది) ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ లాగే మోడ్‌లో పెట్టి నడపకూడదు, మలుపుల్లో ముందు వెనక చక్రాల తేడాను సర్దే ఏర్పాటు లేక లోపల గేర్లు బిగుసుకుంటాయి. ఎక్స్5, జీఎల్ఈల్లో అంతా అదే చూసుకుంటుంది, మీరు ముట్టుకునేదేం లేదు.

వెళ్లే ముందు టేపుతో గేటు కొలవండి. నవ్వకండి, కొత్త బండి వాకిట్లోనే వానలో తడుస్తున్న ఇళ్లు ఊరికొకటి ఉంటుంది. ఫార్చ్యూనర్ పొడుగు 4,795 మిల్లీమీటర్లు, 15 అడుగుల 9 అంగుళాలు. జీఎల్ఎస్ 17 అడుగుల పైన. వెడల్పు ఎక్స్5కు 2,004, అద్దాలు అదనం. పోర్టికోలో పట్టినా డోరు తెరిస్తే పెద్దావిడ దిగడానికి చోటుండాలి కదా.

టెస్ట్ డ్రైవ్: బండి మన దారికి రావాలి

షోరూమ్ చుట్టూ తిరిగే డ్రైవ్‌కు ఒప్పుకోకండి. ఈ ధర బండ్లకు గట్టిగా అడిగితే ఎక్కువసేపు ఇస్తారు, ఇంటికి పంపే డీలర్లు కూడా ఉన్నారు. నల్గొండవాళ్లైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దిగి ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ దాకా, పాలమూరువాళ్లైతే శంషాబాద్ నుంచి ఎన్‌హెచ్ 44 మీద షాద్‌నగర్ దాకా. మధ్యలో ఏదైనా ఊరి రోడ్డులోకి తిప్పాలి. సొంతూరికే తెప్పించుకుంటే ఇంకా మంచిది. ఇంట్లోవాళ్లను అందరినీ ఎక్కించండి. ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లను, కారు పడనివాళ్లను. వాళ్ల మాటే ఫైనల్.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమనండి. షోరూమ్‌వాళ్లు ముందే వేడెక్కించి పెడతారు, బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. చల్లటి డీజిల్ చప్పుడు బయట నిలబడి ఒకసారి, అద్దాలు మూసి లోపల ఒకసారి వినండి. ఏసీ ఫుల్లుగా పెట్టి నిలబడ్డ బండిలో స్టీరింగ్ మీద, వెనక సీటు కింద వణుకు ఎంత తెలుస్తుందో చూడండి.

తర్వాత మెల్లగా పోయే ట్రాఫిక్. ఇరవైలో పోతూ ఆక్సిలరేటర్ కొంచెం తొక్కితే బండి ఎట్లా కదులుతోంది? టర్బో నిండేదాకా ఒక క్షణం ఆలోచించి తర్వాత ఒక్కసారిగా దూకే బండి నడిపేవాడికి సరదా, వెనకున్నవాళ్ల తల ప్రతిసారీ సీటుకు కొట్టుకుంటుంది. ఎకో, కంఫర్ట్, స్పోర్ట్ మూడింటిలోనూ ఇదే చేసి చూడండి. నా వరకు పెద్ద డీజిల్ బండి గుణం అంతా ఇక్కడే బయటపడుతుంది. వంద స్పీడులో అన్నీ బాగానే ఉంటాయి.

స్పీడ్ బ్రేకర్ మీద పదిహేనులో ఎక్కించండి, ముందు చక్రాలు దిగాక వెనకవి ఎట్లా దిగుతున్నాయో మూడో వరసలో కూర్చున్నవాళ్లను అడగండి. ఒక్కసారి ఊగి నిలబడితే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే ఆ బండిలో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ఒక చక్రం మాత్రమే గుంతలో పడేటట్టు కూడా ఒకసారి నడపండి, బండి అటూ ఇటూ తల ఊపుతుందా లేదా అప్పుడే తెలుస్తుంది.

లోడుతో అరవై నుంచి వంద దాకా లాగించి చూడటం అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. సున్నా నుంచి వంద ఎన్ని సెకన్లు అనేది కుర్రాళ్ల ముచ్చట, మనకు కావాల్సింది లారీని దాటడం. నాలుగు లైన్ల రోడ్డు మీద తెలియదు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా పోయే ఎన్‌హెచ్ 167 లాంటి దారిలో, రెండు లైన్లున్న చోట, ఎదురుగా సిమెంట్ లారీ వస్తుంటే ముందున్న ట్రాక్టర్‌ను దాటడానికి మీకు ఎంత దూరం పడుతుందో అదే లెక్క. ఎదురు ఖాళీగా ఉన్నచోట మాత్రమే చూడండి. గట్టిగా తొక్కినప్పుడు గేర్‌బాక్స్ వెంటనే దిగుతోందా, తడబడుతోందా? ఒకటి దించి లాగితే చాలు, మూడు దించి ఇంజిన్ అరిచిందంటే లోడు మీద టార్క్ చాలడం లేదని.

ఘాట్ రోడ్డు కావాలంటే దూరం పోనక్కర్లేదు. నార్కట్‌పల్లి పక్కనే చెర్వుగట్టు, మహబూబ్‌నగర్ పక్కనే మన్యంకొండ. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే చూడాల్సింది ఎక్కువ. రెండున్నర టన్నుల బండిని బ్రేకు ఒక్కదానితో దింపితే వాసన వస్తుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేరు దించి పట్టుకుంటే ఇంజిన్ ఎంత ఆపుతోందో గమనించండి. రేపు దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ దగ్గరికి మలుపులు దిగేటప్పుడు పనికొచ్చేది ఇదే.

వీలైతే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పోండి. మిర్యాలగూడలో నలభై అయిదు డిగ్రీలు ఉన్నప్పుడు మూడో వరసకు చల్లగాలి ఎంతసేపట్లో చేరుతుందో గడియారం చూసి లెక్కపెట్టండి. పైకప్పు నిండా గాజు ఉన్న సన్‌రూఫ్ పిల్లలకు ఇష్టమే, దాని కింద తెర పల్చటి బట్టదైతే నెత్తి కాలిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అది ఆగిపోయే స్టార్ట్-స్టాప్ ఉంటే అప్పుడు ఏసీ ఏమవుతుందో కూడా చూడండి.

చీకటి పడ్డాక ఒక అరగంట దొరికితే లైట్లు. రిఫ్లెక్టర్ లేని పత్తి ట్రాక్టర్, వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టిన సగం రోడ్డు, ఇవి ఎంత దూరం నుంచి కనబడుతున్నాయో మనకు కావాలి. కెమెరాలు, రాడార్లు పెట్టి బ్రేకు వేసే ఏడాస్ ఉంటే రాంగ్ రూట్లో వచ్చే బైకులకు అది ఎట్లా స్పందిస్తుందో తెలుసుకోండి. వడ్ల కుప్పను తప్పించడానికి గీత దాటినప్పుడల్లా స్టీరింగ్‌ను వెనక్కి లాగుతుంటే చికాకు పుడుతుంది. లేన్ అసిస్ట్‌ను ఒక్క మీటతో ఆపొచ్చా, నాలుగు మెనూలు వెతకాలా అని అడగండి.

డబ్బు, సర్వీసు, వాగులు

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు జీఎస్‌టీ 40 శాతం, సెస్ లేదు. అంతకుముందు రెండూ కలిపి 50 దాకా పోయేది. ఆ పైన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. ఎక్స్ షోరూమ్ ధర విని ఇంట్లో మాట ఇచ్చేయకండి, ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకోండి.

సర్వీస్ సెంటర్ వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి పికప్ డ్రాప్ ఉందా, బండి ఆగితే మా ఊరి దాకా టోయింగ్ వస్తుందా అని ఊరి పేరు చెప్పి అడగండి. "ఉంది సార్" అంటే సరిపోదు, రాసిమ్మనండి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు దూరి ఇంజిన్ పాడైతే పనికొచ్చే కవర్) తప్పకుండా తీసుకోండి. దుందుభి వాగు పొంగి కల్వర్టు మీద నీళ్లు పారుతున్నప్పుడు ఎస్‌యూవీ ఉందన్న ధీమాతో దిగేవాళ్లను ఏటా చూస్తున్నాం. ల్యాండ్ రోవర్ డిఫెండర్ ఎయిర్ సస్పెన్షన్‌తో 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదని కంపెనీ చెబుతుంది, కానీ ఏ కంపెనీ చెప్పే అంకైనా నిలిచిన నీళ్లలో మెల్లగా పోయినప్పటిది, పారే వాగుకు అది వర్తించదు. నీళ్లలో ఇంజిన్ ఆగిందా, మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ, లోపలికి నీళ్లు పోతే నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దిగి, తాడు కట్టించి, లాగించండి.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకు ఒక్క మాట. ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిల్ బండ్ల మీద పదేళ్ల ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడి లగ్జరీ బండ్లు చవగ్గా ఇటు వస్తున్నాయి. ధర చూసి కళ్లు తిరుగుతాయి. ఎన్‌ఓసీ ఉందా, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది అని ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో మసి ఎంత ఉందో, చివరి రీజనరేషన్ ఎప్పుడు జరిగిందో చూపించమనండి. డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చిన బండి అయితే వెంటనే వెనక్కి తిరగండి.

కొత్త బండి డెలివరీ రోజు దండలు వేసే ముందు నాలుగు టైర్లూ స్టెప్నీ చూడండి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. అయిదింటిలో ఏదైనా ఏడాదికంటే పాతదైతే సంతకం పెట్టకముందే మార్పించుకోవాలి. యాడ్‌బ్లూ నిండా ఉందో లేదో స్క్రీన్ మీద చూడండి. మొదటి వెయ్యి పదిహేను వందల కిలోమీటర్లు ఒకే స్పీడులో క్రూజ్ పెట్టి వదిలేయకండి, ఆర్‌పీఎం మారుస్తూ నడపండి, ఫుల్ లోడు వేయకండి. యాదగిరిగుట్టకు పూజకు పోతే ఏడుగురూ ఎక్కకుండా రెండు బండ్లలో పోండి.